ఐదు వెంట్రుకల కుంచె

కిందటి వారం కుళ్ళాయమ్మను అనంతపురం బస్టాండులో ఒంటరిగా వదిలేసి మనమంతా మన పనుల్లో పడిపోయాం. ఆమె చేతిలో ఒక గుడ్డసంచి, సంచిలో ఏదో పుస్తకంలోంచి చింపిన రంగుల కాగితం. ఆ కాగితంలో ఎవరివో పొడుగాటి గోళ్ళు, గోళ్ళ మీద చేత్తో వేసిన రోజాపూలు. కళ్యాణదుర్గంలో బ్యూటీ పార్లరు నడిపే పద్మప్రియ దగ్గర ఆమె రెండేళ్ళుగా కనుబొమలు దిద్దే పని చేస్తోంది. శుక్రవారం రాత్రి బయ్యన్నగారి కూతురు ఆశ్రిత పెళ్ళి. ఆ పిల్ల బెంగుళూరులో చదివి వచ్చింది, గోళ్ళ మీద పూలు కావాలంది. ఈ పని కుదిరితే గోళ్ళకోసమని పార్లర్లో వేరే బల్ల వేయించి కుళ్ళాయమ్మకే అప్పగిస్తానని పద్మప్రియ మాటిచ్చింది.

కుళ్ళాయమ్మ పద్మప్రియకు చెప్పిన అబద్ధం మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. తనది తాడిపత్రి అనీ, మొగుడు లారీ డ్రైవరనీ చెప్పింది. నిజం ఇంకోసారి చెబుతాను. ఆమె మెట్టినది తరాలుగా క్షౌరం చేసే ఇల్లు. మొగుడు ఓబుళేసు బెంగుళూరు కటింగ్ షాపులో చేరి, ఏడాదిపాటు ఉత్తరాలు రాసి, ఆ తర్వాత మానేశాడు. అత్త నల్లమ్మ చుట్టుపక్కల ఊళ్ళలో పెళ్ళికూతుళ్ళకు గోళ్ళు తీస్తుంది. ఒకసారి కోడలిని కూడా పెళ్ళికి తీసుకుపోతే, ఆ ఇంటివాళ్ళు ఇద్దరినీ వాకిట్లో గోనెపట్టా మీద కూచోబెట్టి అన్నం ముద్ద ఎత్తునుంచి ఆకులో వేశారు. కుళ్ళాయమ్మ ఆ ముద్ద ముట్టకుండా లేచి వచ్చేసింది. ఆ రోజునుంచి అత్తాకోడళ్ళకు మాటల్లేవు. మూడేళ్ళయింది.

ఇక సోమవారం పొద్దున ఫ్యాన్సీ షాపులోకి రండి.

ఆమె అక్కడ గంటన్నర నిలబడింది. గోళ్ళరంగు కొనడం కూడా ఒక పనేనా అని మీరు నవ్వొచ్చు. షాపాయన కూడా నవ్వాడు. కుళ్ళాయమ్మ ఒక్కో సీసా తలకిందులు చేసి, రంగు కలవడానికి లోపల వేసిన గుండ్లు ఎంతసేపట్లో కిందికి జారతాయో చూస్తోంది. మెల్లగా జారితే రంగు చిక్కబడిందని, పాత సరుకని లెక్క. అట్లా నాలుగు పక్కన పెట్టేసరికి షాపాయన నవ్వు ఆపాడు.

“చిక్కగుంటే ఏమమ్మా, రెండు చుక్కలు రిమూవరు పోస్తే పలచనైతాది” అన్నాడు.

“అది తుడిచేదానికి అన్నా, కలిపేదానికి కాదు. కలిపితే మెరుపు చచ్చిపోతాది. ఆరినాక పెచ్చులు లేస్తాది. పెళ్ళిలో లేస్తే మాట పడేది నేను.”

“అంగడంతా గోళ్ళకేసుకొని పోతావేమో” అని ఆయన తిక్కగా తెల్లరంగులు మూడు ముందుకు తోశాడు.

తెలుపు దగ్గరే అసలు తంటా. ఒకటి సున్నంలా గీతలు గీతలుగా ఆరింది. ఒకటి అప్పుడే పచ్చబారి ఉంది. మూడోది మేలు, దాన్నే బొటనవేలికి ఉంచుకుంది. గులాబీ, ముదురెరుపు, కనకాంబరం రంగు, బంగారు రంగు కూడా గోటికొకటి వేసి చూసింది. ఎడమచెయ్యి ఐదు గోళ్ళూ ఐదు రంగులయ్యాయి. కుడిచేతి గోళ్ళు బోసిగానే ఉన్నాయి. ఎడమచేత్తో కుడిచేతికి వేస్తే గీత వంకర పోతుంది, ఆ వంకర కుంచెదో చేతిదో తెలియదు. మామూలు ఆడవాళ్ళయితే చెల్లెలి చెయ్యో, పక్కింటామె చెయ్యో లాక్కుని వేసి చూస్తారు. కుళ్ళాయమ్మ రోజుకు పదిమంది మొహాలు పట్టుకుంటుంది. పనిలేకుండా కాసేపు చెయ్యి ఇచ్చి కూచునే మనిషి మాత్రం కళ్యాణదుర్గంలో ఆమెకు ఒక్కరూ లేరు. ఆ సంగతి షాపు అద్దం ముందు, ఐదు రంగుల చెయ్యి చూసుకుంటుంటే, గట్టిగా తగిలింది.

పెళ్ళికూతురికి నలుగు పెడతారు, పసుపు తగిలితే తెలుపు పచ్చబడుతుంది. అందుకని తెలుపు మీద రెండుసార్లు పూయడానికి రంగులేని సీసాలు రెండు తీసుకుంది. ఇది తనకే తోచినందుకు కాస్త గర్వపడింది కూడా. చుక్కలు పెట్టడానికి గుండుసూదులు, వాటిని గుచ్చి పట్టుకోవడానికి రబ్బరున్న పెన్సిలు కొంది. కుంచె కోసం బొమ్మల సామాను అమ్మే అంగడికి పోతే సున్నా నంబరు ఒక్కటే ఉంది. దానికంటే సన్నంది లేదా అని అడిగితే, బెంగుళూరునుంచి రావాలి అన్నారు. బెంగుళూరునుంచి రావలసిన దేనికోసమూ ఇక ఎదురుచూడకూడదని ఆమె ఏనాడో ఒట్టు పెట్టుకుంది. సున్నా నంబరే తీసుకుని బస్సెక్కింది.

మధ్యాహ్నం రెండయ్యేసరికి గదికి చేరింది. కింద చెనక్కాయలు కొట్టే మిషను, పైన ఆమె గది. ఆ ఏడు వానల్లేక పంట రాలేదు, మిషను తిరగలేదు. గది తీసుకున్న కొత్తలో ఆ మోతకు తలనొప్పి వచ్చేది. ఇప్పుడు మోత లేక ఏదో పోగొట్టుకున్నట్టుంది. ఎనామెల్ పళ్ళెంలో చింతపిక్కలు వరసగా పేర్చుకుని, ఒక్కో పిక్క మీద గులాబీ రంగు పూసి, తెల్లటి రోజా వేయడం మొదలుపెట్టింది. చింతపిక్క అచ్చం గోరంతే ఉంటుంది, నున్నగా ఉంటుంది, కదలదు. మాట్లాడదు కూడా. కుంచె మాత్రం లావు. రేకు వేస్తే పక్క రేకుతో కలిసిపోతోంది.

పది పిక్కలు పాడయ్యాక మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించింది. ఆ మెట్లు ఎక్కి ఆమెకోసం ఎవరూ రారు. తలెత్తితే గుమ్మంలో నల్లమ్మ. మూడేళ్ళలో మనిషి సగమైపోయింది. చంకలో చిన్న మూట.

“నీళ్ళుండాయా?” అంది.

కుళ్ళాయమ్మ లేచి చెంబుతో ఇచ్చింది. నల్లమ్మ నిలబడే తాగి, గోడకానుకుని నేల మీద కూచుంది. ఓబుళేసు సంగతి ఏమైనా తెలిసిందా అని ఇద్దరికీ అడగాలని ఉంది. ఎదుటి మొహం చూస్తేనే జవాబు తెలిసిపోయింది కాబట్టి ఇద్దరూ అడగలేదు.

నల్లమ్మ ఒక చింతపిక్క తీసి కంటికి బాగా దగ్గరగా పెట్టుకుని చూసింది.

“ఇదేం పువ్వు?”

“రోజా.”

“బయ్యన్నగారి పాపకే గదా?”

కుళ్ళాయమ్మ చేతిలో కుంచె ఆగిపోయింది. “నీకెవరు చెప్పినారు?”

“ఆ పాపే చెప్పింది. పార్లరులో సన్నగా, పొడుగ్గా ఉండే కుళ్ళాయమ్మ వచ్చి గురువారం సాయంత్రం పూలేస్తాదంట. ఆ పేరు, ఆ పొడుగు, ఇంగెవరుంటారు? ఈ మిషను పైన ఉంటావని అంగడోళ్ళనడిగి వచ్చినా, నా కోడలని నేను అన్లేదులే, భయపడాకు.” పిక్క పళ్ళెంలో పెట్టింది. “గురువారం వేస్తావు, బాగుంది. శుక్రవారం పొద్దున పెళ్ళికూతుర్ని చేస్తారు గదా. నలుగుకు ముందర నేను పోయి ఏం చేస్తానో మర్సిపోయినావా?”

అప్పుడు గుర్తొచ్చింది కుళ్ళాయమ్మకు. గోళ్ళు తీస్తారు. పాలల్లో గరిక ముంచి ఒక్కో గోటికి తాకించి, గోరుగల్లుతో, అదే గోళ్ళు తీసే చిన్న ఉలితో, పదిగోళ్ళూ తీసి ఆకులో వేస్తారు. పొడుగాటి గోరును నమ్ముకుని వేసే రోజా నడిమికి తెగి ఆకులో పడుతుంది. ఈ తప్పు ఇంకెవరు చేసినా అర్థం ఉంది. ఆ గోళ్ళు తీసే ఇంటి కోడలు, ఆ గోరుగల్లుకు తవుడుతో మెరుగు పెట్టిన మనిషి, పసుపును గుర్తుపెట్టుకుని గోరుగల్లును మరిచిపోయింది. మరిచిపోవాలని మూడేళ్ళు అంతగా పట్టుబట్టింది మరి.

“ఊరికే తాకిచ్చి వదిలేయొచ్చు గదా” అంది చివరికి.

“ఆ పాప తల్లి యశోదమ్మ పక్కనే కూచుంటాది. పదీ ఆకులో పడాల్సిందే అంటాది. ఆ పాపేమో తన గోర్లు ముడితే పెండ్లే వద్దంటాది. తల్లీబిడ్డా నా ముందరే కొట్లాడినారు.” నల్లమ్మ మూట మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి వణుకుతోంది. “నేనొచ్చింది ఆ పంచాయితీకి కాదు. నాకు కండ్లు అగుపడ్డం లేదు. చేతులు ఇట్ల అయినాయి. పోయిన నెల ఒక పెండ్లిలో పెండ్లికూతురి వేలు తెగింది. నెత్తుర్జూసి అందరూ లేచి నిలబడినారు. ఇంగోసారి అట్లయితే నన్ను ఏ ఇంటికీ పిలవరు.”

“అయితే?”

“నువ్వు తీయి. ఈ ఒక్క పెండ్లి.”

అడగడానికి ఆమెకెంత కష్టమైందో మెడ నరాల్లో కనిపించింది. కుళ్ళాయమ్మకు మాత్రం జాలికంటే ముందు కోపం వచ్చింది. ఆ గోనెపట్టా, ఎత్తునుంచి పడిన ముద్ద కళ్ళముందుకు వచ్చాయి.

“నేను ఆ ఇంట్లోకి నడిచిపోయి, పెళ్ళికూతురి ఎదురుగ్గా కుర్చీలో కూచోని పూలేస్తా. దానికోసమే రెండేండ్లు నోరు మూసుకొని పన్జేసినా. నీ గోరుగల్లు పట్టుకొని వాకిట్లో కూచోను.”

“యాడ కూచున్నా పట్టుకునేది ఆ పాప చెయ్యే గదమే.”

“చెయ్యి అదే. కూచునే చోటు వేరే. నువ్వు నలభై ఏండ్లు కూచున్యావు, నీకు తెల్దా?”

నల్లమ్మకు తెలుసు. తెలుసు కాబట్టే తల దించుకుంది. నీళ్ళ ట్యాంకరు కోసం వీధిలో బిందెలు వరసబెట్టే మోత ఒకటి వినిపించి ఆగింది. తను గెలిచినట్టు కుళ్ళాయమ్మకు అనిపించలేదు. అన్న మాట నిజమే, అన్నందుకు లోపల కుమిలిపోతోంది.

“సరే, వేరే ఇంటోళ్ళను పిల్చుకుంటార్లే” అంది నల్లమ్మ. లేవబోతూ పళ్ళెం వైపు చూసింది. “ఎవరు తీసినా గోర్లయితే పొట్టివే మిగుల్తాయి. అప్పుడేం వేస్తావు?”

కుళ్ళాయమ్మ పాడైన పిక్కలు ఒకపక్కకు నెట్టింది.

“ఆ పాప గోర్లు పలచన. చూసినా నేను. ఎడంచేతి బొటనేలు గోటికి నిలువునా గట్టు మాదిరి గీత ఉండాది. నువ్వు రంగు మందంగా పట్టిస్తే ఆ గీతకాడే పగుల్తాది. అడుగున రంగులేనిది ఒక చుట్టు వేసి ఆరబెట్టు. యాదీ, నీ కుంచె చూపీ.”

కుంచెను వేళ్ళతో తడిమింది. కళ్ళు పోయినా వేళ్ళు పోలేదు. “దీంతో గోడకు సున్నం కొట్టొచ్చు. బ్లేడు తీసుకో.”

“కొన కోస్తే సన్నమైతాదా?”

“కొన ముట్టుకోవాకు. కొన కోస్తే మొద్దైతాది. వెంట్రుక పన్జేసే ఇంట్లో ఉండి ఇదీ తెల్దా నీకు? మొదుట్లో, పక్కలనుంచి, ఒకటొకటే తీసుకుంటా రా. మీసం దిద్దేటప్పుడు అంతే చేస్తారు.”

కుళ్ళాయమ్మ కిటికీ వెలుతురులో కూచుని బ్లేడు మూలతో ఒక్కో వెంట్రుకా మొదలంటా తీసింది. నల్లమ్మ మధ్యమధ్య వేలితో తడిమి “ఇంగా” అంటోంది. ఒకసారి “చాలు, ఎన్నుండాయి?” అంది. లెక్కబెడితే ఐదు. నీళ్ళలో ముంచితే ఐదూ కలిసి సూదిమొన అయ్యాయి. బెంగుళూరులో దొరికే కుంచె ఎట్లా ఉంటుందో కుళ్ళాయమ్మకు తెలియదు. ఇంతకంటే మంచిదయితే ఉండదని నమ్మకం కుదిరింది.

“పిక్క మీద కాదు, పొట్టి గోటి మీద చూడు” అని నల్లమ్మ కుడిచెయ్యి చాపింది. నలభై ఏళ్ళు అందరి గోళ్ళూ తీసిన మనిషి గోళ్ళు మొదలంటా కత్తిరించి ఉన్నాయి. నేల మీద వద్దని, వెలుతురు చాలదని, కుళ్ళాయమ్మ ఆమెను గదిలో ఉన్న ఒక్క కుర్చీలో కూచోబెట్టి తను కింద కూచుంది. ఆ చెయ్యి వణుకుతూ వచ్చి కోడలి ఎడమ అరచేతిలో ఆగింది. పట్టుకుని ఉంటే వణకడం లేదు. తన చేతిలో ఒక చెయ్యి డబ్బు ఇవ్వకుండా, టైము చూడకుండా ఊరికే ఉండి ఎంతకాలమైందో కుళ్ళాయమ్మకు గుర్తు రాలేదు. కుంచె రంగులో ముంచి పని మొదలుపెట్టింది.

రోజా కుదరలేదు. పొట్టి గోటికి అన్ని రేకులు ఎక్కువ. తుడిచేసి, గులాబీ మీద కనకాంబరం రంగుతో ఒకే ఒక్క పువ్వు, విసనకర్రలా విచ్చుకునే మూడు రేకులు వేసింది. తెల్లని కాడ ఒక్క గీత. చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపువేలు. ముదురెరుపు, బంగారు రంగు సీసాలు తీసి సంచిలో పడేసింది. తెలుపు కాడకు మాత్రమే చాలు. గోళ్ళు తీసి, తలంటు పోశాక, చీర కట్టేలోపు ఒక గంట దొరుకుతుంది. రోజాలకు మూడు గంటలు కావాలి. కనకాంబరాలకు గంట చాలు. అంటే గురువారం పోవలసిన పని లేదు. పదిగోళ్ళూ ఆకులో పడ్డ తర్వాతే పోవచ్చు. తల్లి మాటా నెగ్గుతుంది, కూతురి పూలూ ఉంటాయి.

కానీ ఆ గోళ్ళు తీసేదెవరు? ఆ ప్రశ్న ఇద్దరి మధ్యా అట్లాగే ఉంది. నల్లమ్మ మళ్ళీ అడగలేదు. కుళ్ళాయమ్మ మళ్ళీ కాదనలేదు.

వీధిలో జీపు ఆగిన చప్పుడైంది. మెట్ల మీద పద్మప్రియ గొంతు. “ఈ పక్కకమ్మా, చూసి రాండి, మెట్లు వంకర.” వెనక ఇంకో గొంతు, పెద్దింటి గొంతు. నల్లమ్మ ఆ గొంతు గుర్తుపట్టింది. కుర్చీలోంచి దిగ్గున లేచి, మూట చంకన పెట్టుకుని, రంగేసిన చెయ్యి కొంగు కింద దాచి గోడమూలకు జరిగింది. ఇదంతా రెండు క్షణాల్లో అయిపోయింది. అలవాటైన ఒళ్ళు కదా.

పద్మప్రియ వెనకనే యశోదమ్మ లోపలికి వచ్చింది. పట్టుచీర, చేతిలో పర్సు, మెట్లెక్కిన ఆయాసం.

“నువ్వేనా పాపా కుళ్ళాయమ్మ? గురువారం ఏం వేయాకు, మా ఇంట్లో శాస్త్రం ఉండాది, అది చెబుదామనే వచ్చినా” అంటూ కుర్చీ వైపు నడిచి, మూలనున్న మనిషిని చూసి ఆగింది. “ఏం నల్లమ్మా, నువ్వేంటికి ఈడుండావు?”

పద్మప్రియ కుళ్ళాయమ్మ వైపు చూసింది. “ఈమె నీకు తెలుసా?”

ఆ బల్ల, ఎదురెదురుగా కూచునే ఆ కుర్చీలు, రెండేళ్ళు మూసుకున్న నోరు. ఒక్క మాట చాలు, అన్నీ పోతాయి. కుళ్ళాయమ్మ ఏదీ అనకముందే నల్లమ్మ అందుకుంది.

“తెల్దమ్మా. ఎండకు తాళలేక నీళ్ళకని ఎక్కినా. ఈ పాపెవరో, యా ఊరో నాకేం తెలుసు. పోతాండా.”

మాట తడబడలేదు. కోడలి వైపు చూడనైనా చూడలేదు. కొంగు కింద చెయ్యి అట్లాగే పెట్టుకుని, పక్కకు ఒదిగి, యశోదమ్మ చీర తగలకుండా గుమ్మం వైపు నడిచింది. ఆ ఒదగడం చూడలేకపోయింది కుళ్ళాయమ్మ. ఈ మనిషి ఇప్పుడు మెట్లు దిగిపోతే మళ్ళీ ఎక్కదు. బల్ల వస్తుంది, కుర్చీ వస్తుంది, గది మాత్రం ఇట్లాగే ఎవరూ రాకుండా ఉంటుంది.

నల్లమ్మ ఒక కాలు గడప బయట పెట్టింది.

“అత్తా” అంది కుళ్ళాయమ్మ. “చెయ్యి ఇంకా ఆరలేదు. వచ్చి కుర్చీలో కూచో.”

పద్మప్రియ చూపు కుళ్ళాయమ్మ మీదే ఉంది. కుర్చీ తనకే అన్నట్టు దాని వీపు మీద చెయ్యి వేసి నిలబడిన యశోదమ్మ ఆ చెయ్యి తీయలేదు.